ఎర్రలు దొరికిన చేను

మేము యానాదులం. వానపాములను ఎర్రలంటాం. చేపలకు పోయే ముందు గాలానికి ఎర్రలు తవ్వుకోవడం మా పిల్లలందరికీ తెలుసు. ఏ మట్టిలో దొరుకుతాయో చూడగానే చెబుతారు. కానీ నగరి కొండల పక్కన మా పెద్దలకు డీకేటీ పట్టాగా వచ్చిన భూమిలో ఎంత తవ్వినా ఒక్క ఎర్ర కనబడేది కాదు. పైన గులకరాళ్లు, కింద గట్టినేల. వాన నీళ్లు ఇంకకుండా పారిపోయేవి.

ఒక ఏడు అప్పు తెచ్చి యూరియా, డీఏపీ వేశాం. చెనిక్కాయ చెట్టు పచ్చగా లేచింది, వాన వెనకబడగానే వాడిపోయింది. అప్పు మాత్రం మిగిలింది. ఆ తర్వాత భూమిని బీడు పెట్టి, ఇతరుల మామిడితోపులకు కాపలా పోయాం. బీడు పడిన కొద్దీ పక్క చేని గట్టు మా వైపు జరుగుతూ వచ్చింది. పట్టా చేతిలో ఉన్నా, సేద్యం చేయకపోతే భూమి మనది కాకుండా పోతుందని అప్పుడు తెలిసింది.

2016 నుంచి రైతు సాధికార సంస్థ మన రాష్ట్రంలో ప్రకృతి సేద్యం నేర్పుతోంది. అందులోదే ద్రవ జీవామృతం. 200 లీటర్ల నీళ్లలో 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల పంచితం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుల పిండి, మందులు పడని గట్టు మట్టి గుప్పెడు వేయాలి. నీడలో గోనెపట్ట కప్పి, పొద్దున సాయంత్రం కర్రతో కలుపుతూ 48 గంటలు ఉంచాలి. వారం లోపల, నేల తడిగా ఉన్నప్పుడు ఎకరాకు 200 లీటర్లు పోయాలి.

నాటు ఆవు పేడ మంచిదంటారు. పుంగనూరు ఆవుకు పేరుపడిన సీమ మనది. కానీ మా ఇళ్లలో ఏ ఆవూ లేదు. ఆవులున్న వాళ్ల కొట్టం చిమ్మి పేడ తెచ్చుకోవాలి. "మళ్లీ ఒకరి కొట్టం చిమ్మాలా?" అని మా కుర్రాళ్లు ఎదురు తిరిగారు. ఒక అవ్వ అనింది: "అప్పుడు వాళ్ల చేనికి ఎత్తినాంరా. ఇప్పుడు మన చేనికి ఎత్తుకుంటా ఉండాం."

మొదటి ఏడు దిగుబడి పెరగలేదు. తప్పు మాదే. జీవామృతంలో ఉండే పోషకాలు కొద్దే. అది మట్టిలో సూక్ష్మజీవులను పెంచే తోడు లాంటిది. పాలు లేకుండా తోడు వేస్తే పెరుగు అవుతుందా? ఆ జీవులు తినడానికి నేల మీద ఆకూ అలమూ ఉండాలి. రెండో ఏడు తోపుల్లో రాలిన మామిడాకు, కానుగాకు తెచ్చి పరిచాం. వానలకు ముందే అలసంద, ఉలవ, సజ్జ, జొన్న కలిపి చల్లాం. వాటి మీద జీవామృతం పోశాం.

మూడో ఏడు వాన నీళ్లు చేనిలోనే ఇంకాయి. వాన వెనకబడినా చెట్టు తొందరగా వాడలేదు. ఇంటికి అప్పు లేని చెనిక్కాయలు వచ్చాయి. గట్టు జరగడం ఆగింది.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఎవరో పరీక్ష చేసి చెప్పేదాకా ఆగకండి. వాన పడిన మర్నాడు మీ చేనిలో ఒక పార మట్టి ఎత్తి ఎర్రలను లెక్కపెట్టండి. ఉపాధ్యాయులు బడి పిల్లల చేత ఏటా లెక్క రాయించండి. మొన్న మా పిల్లలు గాలానికి ఎర్రలు మా చేనిలోనే తవ్వుకున్నారు. చాలు, మిగతావి ఉండనీయండిరా అని మేమే ఆపాల్సి వచ్చింది.