కాలేజీని కూడా వోచరు అడగండి



పన్నెండో తరగతి ఫలితాలు రాగానే ఢిల్లీలోని మన తెలుగు కుటుంబాల్లో రెండు రకాల సంప్రదింపులు మొదలవుతాయి. ఒకటి జ్యోతిష్కుడితో, రెండోది కాలేజీ ఏజెంటుతో. ఇద్దరూ భవిష్యత్తుకు హామీ ఇస్తారు. ఆధారం చూపించమంటే ఇద్దరూ నొచ్చుకుంటారు.

నేను రక్షణ లెక్కల శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి. బిల్లు ఎంత అందంగా టైపు చేశారన్నది మాకు అనవసరం. మంజూరు ఉత్తర్వు ఉందా? సరుకు ముట్టినట్టు రసీదు ఉందా? మేం చూసేది ఈ రెండే. కాలేజీ ఎంపికకూ ఈ పద్ధతి చాలావరకు సరిపోతుంది.

ముందు మంజూరు సంగతి. 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం కేంద్ర, రాష్ట్ర చట్టాలతో ఏర్పడిన విశ్వవిద్యాలయాలు, డీమ్డ్ హోదా ఉన్నవి, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలు మాత్రమే డిగ్రీ ఇవ్వగలవు. 2023 ఆగస్టులో యూజీసీ ప్రకటించిన 20 నకిలీ విశ్వవిద్యాలయాల్లో 8 మన ఢిల్లీలోనివే. ఐఐపీఎం కథ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఏళ్ల తరబడి పత్రికల్లో పేజీల కొద్దీ ప్రకటనలిచ్చిన సంస్థ అది. 2013లో కోర్టు ఉత్తర్వుతో దాన్ని విమర్శించే 73 వెబ్ పేజీలను ఆపేశారు. అందులో సాక్షాత్తూ యూజీసీ నోటీసు కూడా ఉంది! చివరికి 2014లో ఢిల్లీ హైకోర్టు, తన కోర్సులకు ఎంబీఏ, బీబీఏ అన్న పేర్లు వాడవద్దని ఆ సంస్థను ఆదేశించింది. పూర్తి పేజీ ప్రకటన ఆధారం కాదని ఇంతకంటే వేరే చెప్పాలా?

అయితే గుర్తింపు ఉంటే చాలనుకోవడమూ పొరపాటే. విశ్వవిద్యాలయాల్లో జ్యోతిషం కోర్సులు పెట్టాలని 2001లో యూజీసీ నిర్ణయిస్తే శాస్త్రవేత్త పి.ఎం. భార్గవ కోర్టుకెక్కారు. 2004లో సుప్రీంకోర్టు ఆ అప్పీలును కొట్టేసింది. ఇక్కడి ఇగ్నో 2021లో జ్యోతిషంలో ఎం.ఏ. కూడా మొదలుపెట్టింది. డిగ్రీ చట్టబద్ధమే కావచ్చు, అందులో నేర్పేది నిజమని గానీ పనికొస్తుందని గానీ గుర్తింపు చెప్పదు.

ఇక రసీదు, అంటే ప్లేస్‌మెంట్లు. రెండు వందల మంది చేరితే, కాలేజీ "అర్హులు"గా ఎంచిన అరవై మందికీ ఉద్యోగాలొచ్చాయనుకోండి. దాన్ని నూరు శాతం అని రాసుకోవచ్చు. చేరినవాళ్ల లెక్కన అది ముప్ఫై శాతమే. తొమ్మిది మందికి మూడేసి లక్షలు, ఒక్కడికి నలభై మూడు లక్షలు వస్తే సగటు జీతం ఏడు లక్షలవుతుంది. కానీ ఆ పదిమందిలో ఏడు లక్షలు అందుకునేవాడు ఒక్కడూ లేడు.

నిరుడు మా తోడల్లుడి అల్లుడు ఘజియాబాదు నుంచి వచ్చాడు. కొడుకుని ఒక ప్రైవేటు కాలేజీలో బీబీఏలో చేర్పించడానికి తెనాలి దగ్గరున్న అరెకరం అమ్ముతానన్నాడు. "మామయ్యగారూ, వాడి జాతకంలో వ్యాపార యోగం ఉందట" అన్నాడు. నేను పిల్లాడి వైపు తిరిగి, "నీకేం కావాలని ఉందిరా?" అని అడిగాను. "సీఏ చదువుతాను తాతయ్యా" అన్నాడు. ఆ మాట అంతవరకూ ఇంట్లో వాణ్ణెవరూ అడగలేదట.

కాలేజీకి నేనూ వెళ్లాను. చేరినవాళ్లెందరు, ఉద్యోగాలొచ్చినవాళ్లెందరు, మధ్యస్థ జీతమెంత, కాయితం మీద రాసివ్వమన్నాను. సాయంత్రంలోగా కడితే ఫీజులో తగ్గింపు ఇస్తామన్నారు గానీ కాయితం మాత్రం ఇవ్వలేదు.

సీఏ ఫౌండేషన్ పరీక్షకు పన్నెండో తరగతి పాసైతే చాలు, ఏ కాలేజీలోనూ చేరనక్కర్లేదు. పక్కన డిగ్రీ కావాలంటే ఢిల్లీ విశ్వవిద్యాలయం దూరవిద్య 1962 నుంచీ ఉంది. ఇదే పిల్లాడు జీవరసాయన శాస్త్రం చదువుతానని ఉంటే దూరవిద్య వద్దనే చెప్పేవాణ్ణి. అప్పుడు చూడవలసింది ప్రయోగశాల. దౌలాకువాలోని శ్రీ వెంకటేశ్వర కళాశాలను 1961లో తిరుపతి దేవస్థానం వాళ్లు పెట్టారు. అయినా అక్కడ సీటిప్పించేది మొక్కులు కావు, ప్రవేశపరీక్ష మార్కులు. గమ్యాన్ని బట్టి అడగవలసిన ఆధారం మారుతుంది. అందుకే పిల్లల్ని ముందు అడగమంటున్నాను.

పొలం ఇంకా అమ్మలేదు. పిల్లాడు ఫౌండేషన్‌కు చదువుతున్నాడు. పాసవుతాడని నేను హామీ ఇవ్వను, అది చేతనైంది జ్యోతిష్కులకే. తప్పినా ఇంకోసారి రాయడానికి వాళ్ల చేతిలో డబ్బుంది, వాడికి వయసుంది. మీ ఇంట్లో ఈ ఏడు ఎవరైనా కాలేజీలో చేరబోతుంటే, డబ్బు కట్టేముందు ఆ మూడు అంకెలూ కాయితం మీద అడగండి. ఇవ్వకపోతే లేచి వచ్చేయండి.