ఆ సగటులో మనవాళ్లు ఎంతమంది?

ఎంఎల్ ల్యాబ్ చేసినవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. డేటాలో తొంభై శాతం ఒకే క్లాసు అయితే, మోడల్ కళ్లు మూసుకుని ప్రతిసారీ ఆ క్లాసు పేరే చెప్పినా తొంభై శాతం యాక్యురసీ వస్తుంది. మిగతా పది శాతాన్ని ఎవరూ పట్టించుకోరు. వైవాలో అడిగితే "ఇంబ్యాలెన్స్ సార్" అనేసి గట్టెక్కుతాం. పోయిన ఏడాది మా పెదనాన్న ఆ పది శాతం అంచుకి వచ్చి నిలబడ్డాడు. అప్పట్నుంచి నాకు ఆ మాట తేలిగ్గా నోట్లోంచి రావడం లేదు.

పెదనాన్న ముప్పై ఏళ్లు లారీ తోలాడు, రోజుకో కట్ట బీడీలు కాల్చాడు. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడితే వేడి చేసిందనుకుని మజ్జిగ తాగాడు. తీరా చూస్తే మూత్రాశయం క్యాన్సర్. ఈ జబ్బుకి పెద్ద కారణం పొగే. పొగలోని విషాలు రక్తంలోంచి మూత్రంలోకి దిగి, ఆ సంచి గోడని ఏళ్ల తరబడి తడుపుతూ ఉంటాయి. కీమో ఇచ్చారు. కొన్నాళ్లకి ఊపిరితిత్తుల్లో మచ్చలు కనపడ్డాయి. ఇక ఇమ్యునోథెరపీ చూద్దామన్నారు. మూడు వారాలకో డోసు. ఈ మందు మీద కేంద్రం 2023లో దిగుమతి సుంకం తీసేసినా లెక్క లక్షల్లోనే ఉంది. అన్నయ్య అర ఎకరం అమ్మేద్దామన్నాడు. పెదనాన్న నన్ను పిలిచి, "కంప్యూటర్లు చదువుతున్నావు కదరా, ఇది నాకు పనిచేస్తుందో లేదో చూసి చెప్పు" అన్నాడు.

చదివాను. మన ఒంట్లో టి కణాలనే కాపలాదారులున్నాయి. అవి హద్దు మీరకుండా వాటికి పిడి-1 అనే బ్రేకు ఉంటుంది. క్యాన్సర్ ఆ బ్రేకు మీద కాలు పెట్టి తప్పించుకుంటుంది. ఈ మందు ఆ కాలుని తీసేస్తుంది. పిడి-1ని గుర్తించిన తసుకు హోంజోకి, జేమ్స్ అలిసన్‌తో కలిపి 2018లో నోబెల్ ఇచ్చారు. అసలు మూత్రాశయానికీ రోగనిరోధక వైద్యానికీ స్నేహం పాతదే. మన చేతి మీద మచ్చ మిగిల్చిన బీసీజీ టీకానే పైపొరలో ఉన్న గడ్డలకి వాడొచ్చని 1976లోనే మొరాలెస్ అనే డాక్టరు చూపించాడు. పెదనాన్న ఆ దశ దాటిపోయాడు.

ఆయనలాగే కీమో అయ్యాక జబ్బు తిరగబెట్టిన 542 మంది మీద చేసిన ట్రయల్ ఫలితాలు 2017లో వచ్చాయి. మధ్యస్థ ఆయుష్షు మళ్లీ కీమో తీసుకున్నవాళ్లలో 7.4 నెలలు, పెంబ్రోలిజుమాబ్ తీసుకున్నవాళ్లలో 10.3 నెలలు. గడ్డ బాగా తగ్గింది కీమోతో నూటికి 11 మందిలో, ఈ మందుతో 21 మందిలో. అంటే ఐదుగురిలో ఒకరికి. అయితే పనిచేసినవాళ్లలో చాలామందికి అది ఎక్కువ కాలం నిలిచింది.

ఇదే చెప్పేద్దామనుకుంటుంటే బయాప్సీ రిపోర్టులో రెండో లైను కంటపడింది. "యూరోథీలియల్ కార్సినోమా, స్క్వామస్ మార్పులతో." మూత్రాశయం లోపలి పొర యూరోథీలియం. ఇక్కడి క్యాన్సర్లలో దాదాపు తొంభై శాతం దాన్నుంచి పుట్టినవే. కొన్ని గడ్డల్లో కణాలు దారి మార్చుకుని చర్మం పొరల్లా చదునుగా తయారవుతాయి. అదే స్క్వామస్. మైక్రోపాపిల్లరీ, ప్లాస్మసైటాయిడ్, సార్కోమటాయిడ్, స్మాల్ సెల్ అని ఇంకా రకాలున్నాయి. ఆ ట్రయల్లో చేరాలంటే గడ్డ ప్రధానంగా యూరోథీలియల్ అయి ఉండాలి. కలగలుపుకి కొంత చోటిచ్చారు కానీ, పూర్తిగా వేరే రకమైతే లోపలికే రానివ్వలేదు. ఈజిప్టులో నత్తల ద్వారా సోకే బిల్‌హార్జియా పరాన్నజీవి వల్ల పూర్తి స్క్వామస్ గడ్డలు వేలమందికి వచ్చాయి. ఆ 21లో వాళ్లెవరూ లేరు.

మరి కలగలుపు రకాలకి? చాలావరకు ఆస్పత్రులు పాత కేస్ షీట్లు తిరగేసి కట్టిన లెక్కలే దిక్కు. వాటిలో కనపడేది ఇది: యూరోథీలియల్‌తో కొంత స్క్వామస్ కలిసిన గడ్డలు ఈ మందుకి సుమారుగా మామూలు గడ్డల్లాగే స్పందిస్తున్నాయి. రెండూ ఒకే పొరలోంచి, ఒకే జన్యుమార్పుల మూటతో పుట్టాయి కాబట్టి ఇందులో వింతేమీ లేదు. స్మాల్ సెల్ లాంటి న్యూరోఎండోక్రైన్ రకాలవాళ్ల ఆయుష్షు మాత్రం తక్కువగా ఉంటోంది. అరుదైన రకాల్లో కొన్నిటికి పట్టుమని పదిమంది ఉండరు. అలాంటిచోట ఇద్దరికి తగ్గితే ఇరవై శాతం, ముగ్గురికైతే ముప్పై. ఆ శాతాన్ని నమ్మి పొలం అమ్మగలమా?

డాక్టరు గారిని ఇదే అడిగాం. ఆయన దాచలేదు. "మీ రకానికి విడిగా పెద్ద ట్రయల్ లేదమ్మా. ఉన్న లెక్కలు మీకు వ్యతిరేకంగా లేవు. మూడు డోసులిచ్చి స్కాన్ చూద్దాం, పనిచేయకపోతే ఆపేద్దాం" అన్నారు. పొలం మొత్తం అమ్మకుండా మూడు డోసులకి సరిపడా తాకట్టు పెట్టారు. ఇచ్చే జవాబులో ఉన్న అనుమానమంతా అప్పులోనూ కనపడాలి కదా!

పెదనాన్నకి నేను ఒక్కటే చెప్పాను. "ఐదుగురిలో ఒకరికి తగ్గుతోంది. నీలాంటి గడ్డకీ అంతే ఉండొచ్చు, ఖాయంగా ఎవరూ చెప్పలేరు." ఆయన కాసేపు ఆలోచించి, "ఘాట్ రోడ్డు మీద ఇంతకన్నా తక్కువ నమ్మకంతో తోలాను, కానీయండి" అన్నాడు. మూడు డోసుల తర్వాత స్కాన్‌లో గడ్డ పెరగలేదు, తగ్గనూ లేదు. నాలుగోది పోయిన వారం ఎక్కించారు.

మీ ఇంట్లో ఎవరికైనా నొప్పి లేకుండా ఒక్కసారి రక్తం పడినా మజ్జిగతో సరిపెట్టకండి. రిపోర్టు వస్తే రెండో లైను దాకా చదవండి. ఎవరైనా శాతం చెబితే, ఆ వందమందిలో ఈ రకంవాళ్లు ఎంతమంది అని అడగండి. అడిగినందుకు మంచి డాక్టరెవరూ కోప్పడరు.