నాంపల్లి రైలు, అంగుళం పడవ



మీరు ఎప్పుడైనా హైదరాబాదు వెళితే నాంపల్లి స్టేషనులో ఒక వింత చూడండి. చాలా స్టేషన్లలో రైలు ఒక పక్క నుంచి వచ్చి రెండో పక్కకు వెళ్లిపోతుంది. నాంపల్లిలో అట్లా కాదు. పట్టాలు అక్కడితో సరి! ఇంజను ముందు అడ్డుకట్ట, దాని వెనక ప్లాటుఫారం, ఆ వెనక ఊరు. నిజాం ప్రభువుల కాలంలో, 1907లో, కట్టిన స్టేషను ఇది. రైల్వేవారి పుస్తకాల్లో దీని పేరు హైదరాబాదు దక్కను. ఊళ్లోవాళ్లకు మాత్రం అది నాంపల్లే.

ఇక్కడ బయలుదేరిన రైలు లకిడీకాపూల్, ఖైరతాబాదు దాటి, నెక్లెస్ రోడ్ స్టేషను దగ్గర హుస్సేన్‌సాగర్ చెరువు దాపునుంచే పోతుంది. అందుచేత నాంపల్లి రైలును బొమ్మగా చేయాలనుకున్నవాడు చెరువును కూడా చేయక తప్పదు. చెరువు చేస్తే అందులో పడవ ఉండాలి. ఈ సంగతి నాకు ఎట్లా తెలిసిందో చెబుతాను, వినండి.

నేను ఆరో తరగతి చదివే రోజుల్లో మా ఇల్లు నాంపల్లిలోనే. మా మేనమామ ఓడలో పనిచేసేవాడు. ఆయన ఏదో రేవులో కొని మా అన్నయ్యకు ఒక చిన్న రైలు తెచ్చి ఇచ్చాడు. అన్నయ్య ఒక పాత తలుపు చెక్క మీద పట్టాలు పరిచి, అట్టతో స్టేషను కట్టి, ఆ రైలు నడిపేవాడు. వాడు కాలేజీ చదువుకు వేరే ఊరు వెళుతూ, "ఒరే, దుమ్ము దులుపు. అంతకంటే ఏమీ చెయ్యకు," అని మరీ మరీ చెప్పాడు.

నేను ఊరుకుంటానా? దసరా సెలవులకు అన్నయ్య వచ్చేసరికి వాడు ఆశ్చర్యపోవాలని పట్టాల పక్కనే ఒక పళ్లెం పెట్టి, నిండా నీళ్లు పోశాను. అగ్గిపెట్టెతో పడవ చేసి వదిలాను. చెరువు తయారైందని మురిసిపోయి పడుకున్నాను. రాత్రి ఏ పిల్లి తగిలిందో ఏమో, పళ్లెం ఒరిగింది. నేను రెండు రోజుల దాకా అటు చూడలేదు. చూసేసరికి చెక్క ఉబ్బింది, ఇనప పట్టాలు తుప్పు పట్టాయి, ఇంజను చక్రాలు బిగుసుకుపోయాయి. అగ్గిపెట్టె పడవ తడిసి ముద్దయి పళ్లేనికి అంటుకుని ఉంది.

అన్నయ్య వచ్చి చూశాడు. నన్ను కొడతాడనుకున్నాను. కొట్టలేదు, తిట్టనూ లేదు. ఇంజను చేతిలోకి తీసుకుని చక్రం తిప్పి చూసి, అది తిరగకపోతే మెల్లిగా కింద పెట్టాడు. అదే నాకు దెబ్బకంటే ఎక్కువైంది. కొంచెం సేపయ్యాక, "పద, చెరువు చూసి వద్దాం," అన్నాడు.

ఇద్దరం టాంక్ బండ్ మీదికి నడిచి వెళ్లాం. హుస్సేన్‌సాగర్ నిన్న మొన్నటి చెరువు కాదు. ఇబ్రహీం కులీ కుతుబ్ షా పాలించే రోజుల్లో, అంటే నాలుగు వందల యాభై ఏళ్లకు పూర్వం, తవ్వించినది. ఆ పూట నీటి మీద రెండు తెరచాప పడవలు ఉన్నాయి.

"రైలును ఎన్ని వంతులు చిన్నది చేశారో తెలుసునా?" అన్నాడు అన్నయ్య. "ఎనభై ఏడు వంతులు. 87 మిల్లీమీటర్లున్న వస్తువు బొమ్మలో ఒక్క మిల్లీమీటరు. ఇల్లైనా, చెట్టైనా, మనిషైనా అంతే. మరి నీళ్లను ఎట్లా చిన్నవి చేస్తావు?"

నాకు అర్థం కాలేదు. మీకు అర్థమైందా? ఒక లెక్క వేసి చూడండి. చూరు నుంచి కారే నీటిబొట్టు సుమారు 4 మిల్లీమీటర్లు ఉంటుంది. బొమ్మ ఊళ్లో కారినా అది 4 మిల్లీమీటర్లే. నీటికి ఒక తలబిగువు ఉంది. ఆ గుణమే బొట్టును గుండ్రంగా పట్టి ఉంచుతుంది. మనం రైలును చిన్నది చేశామని అది తగ్గదు. మరి ఆ బొమ్మ ఊరి మనిషి కంటికి ఆ బొట్టు ఎంత ఉంటుంది? 4ను 87తో హెచ్చవేస్తే 348 మిల్లీమీటర్లు. అంటే పెద్ద గుమ్మడికాయంత! అటువంటి బొట్లున్న చెరువు ఎక్కడైనా ఉంటుందా? అందుకే బొమ్మరైలు పక్కన నిజమైన నీళ్లు పోస్తే అవి చెరువులా కనబడవు, ఒలికిన నీళ్లలాగే కనబడతాయి. పైగా ఆ రైలుకు పట్టాల్లోంచే కరెంటు అందుతుంది. కరెంటుకూ నీటికీ పొత్తు కుదరదు.

"నేను మళ్లీ సంక్రాంతికి వస్తాను," అన్నాడు అన్నయ్య. "అప్పటికి నువ్వు చెరువు తయారు చెయ్యి. నీళ్లు లేకుండా."

వాడు ఉన్న నాలుగు రోజులూ ఇద్దరం పట్టాల తుప్పు గీకాం. ఇంజను మాత్రం కదలలేదు. దాన్ని గుడ్డలో చుట్టి వాడు తన వెంట తీసుకుపోయాడు.

నీళ్లు లేని చెరువు ఎట్లా చేయాలి? ఆ పని మీరు కూడా చేయవచ్చు. ముందుగా పడవ. ఏ పడవ బొమ్మ చేయాలన్నా అసలు పడవను చూసి రావాలి, కొలత తెలుసుకోవాలి. హుస్సేన్‌సాగర్‌లో ఇప్పుడు పిల్లలు కూడా తెరచాప పడవలు నడపడం నేర్చుకుంటున్నారు. వాళ్లు నడిపే పడవ పేరు ఆప్టిమిస్టు. 1947లో అమెరికాలోని ఫ్లోరిడాలో క్లార్క్ మిల్స్ అనే ఆయన దీన్ని పిల్లల కోసమే తయారు చేశాడు. ప్లైవుడ్ పలకలతో ఎవరైనా ఇంట్లోనే చేసుకోగలగాలని ఆయన ఉద్దేశం. అందుకే దాని ముందు భాగం మొనదేలి ఉండదు, కోసినట్టు చదునుగా ఉంటుంది. పోటీల్లో 15 ఏళ్లు దాటినవారికి అందులో చోటు లేదు!

దీని పొడవు 2.3 మీటర్లు, వెడల్పు సుమారు 1.13 మీటర్లు. 87తో భాగించండి. పొడవు 26 మిల్లీమీటర్లు, వెడల్పు 13. అంగుళం పడవ! దాని పక్కన రైలుపెట్టె ఎంతుండాలి? మన దేశంలో ఎంతో కాలంగా తిరిగిన నీలిరంగు పెట్టె పొడవు సుమారు 21.3 మీటర్లు, బొమ్మలో అది 245 మిల్లీమీటర్లు. 1992లో చెరువు నడుమ నిలబెట్టిన బుద్ధ విగ్రహం ఎత్తు సుమారు 18 మీటర్లు. బొమ్మలో 20 సెంటీమీటర్ల పైచిలుకు. నా అగ్గిపెట్టె పడవను ఈ లెక్కలో చూస్తే నవ్వు వస్తుంది. అగ్గిపెట్టె సుమారు 5 సెంటీమీటర్లు గదా! అసలులో అది నాలుగు మీటర్లు దాటిన పెట్టె అన్నమాట. దానిలో పిల్లలు కాదు, బర్రెలు ఎక్కవచ్చు.

కొలతలు తేలాయి గనక ఇప్పుడు అబిడ్స్ పోదాం. నాంపల్లి నుంచి నడకదూరమే. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కొలువులో ఆల్బర్ట్ ఆబిద్ అనే ఆర్మీనియా వంశీకుడు ఉండేవాడు. ఆయన ఇక్కడ అంగడి పెట్టాడు. అంగడి పోయింది, పేరు మిగిలింది. ఆదివారం నాడు దుకాణాలు మూసి ఉంటే వాటి ముందు బాట మీద పాత పుస్తకాలు పరుస్తారు. నేను అక్కడ మోకాళ్ల మీద కూర్చుని పడవల బొమ్మలున్న పుస్తకాలు ఎన్ని తిరగేశానో! కొనడానికి డబ్బులు లేకపోతే, బొమ్మను కళ్లతో పట్టుకుని ఇంటికొచ్చి గీసుకునేవాణ్ణి.

పడవకు కావలసినవి చాలావరకు ఇంట్లోనే దొరుకుతాయి. ఒక పాత పెళ్లి శుభలేఖ, రెండు సన్నని చీపురు పుల్లలు, పల్చటి తెల్ల కాగితం, జిగురు, ఉప్పు కాగితం, ఒక బ్లేడు. బ్లేడు పని పెద్దవాళ్లు పక్కన ఉండగా చేయండి.

శుభలేఖ ఎందుకంటే, అట్ట మందం కూడా లెక్కలోకి వస్తుంది. అర మిల్లీమీటరు అట్ట మీకు పల్చనే. కాని 87తో హెచ్చవేస్తే నాలుగు సెంటీమీటర్ల గోడ! అంత మందం ఓడకైతే సరే గాని పిల్లల పడవకు కాదు. నిలబడగలిగినంత వరకు ఎంత పల్చని అట్ట అయితే అంత మంచిది. పై అంచులను ఉప్పు కాగితంతో ఇంకా సన్నం చేయండి.

అడుగు పలక 24 మిల్లీమీటర్ల పొడవున కోయండి. వెడల్పు ముందు 6, నడుమ 11, వెనక 9. పక్క గోడలు రెండు, ఒక్కొక్కటి 26 పొడవు, 4 ఎత్తు. వాటిని కొంచెం బయటికి వాల్చి అంటిస్తే పైన వెడల్పు 13 వస్తుంది. ముందొక పలక, వెనకొక పలక. లోపల ముందువైపు ఒక అడ్డు చెక్క అంటించి, దాని నడుమ సూదితో రంధ్రం చేసి, చీపురు పుల్ల నిలబెట్టండి. అది 27 మిల్లీమీటర్లుంటే చాలు. తెరచాప నాలుగు మూలలది. దాని పై మూలను ఎత్తి పట్టడానికి ఏటవాలుగా ఇంకొక పుల్ల ఉంటుంది, కిందివైపు మరొకటి. తెల్ల కాగితాన్ని వేలి మీద కాస్త వంచి అంటించండి. గాలి నిండినట్టు ఉంటుంది.

ఇక అసలు కిటుకు. పడవను నీటి మీద పెట్టకూడదు, నీటిలో పెట్టాలి. పడవ తన బరువుకు సరిపడా నీటిని పక్కకు తోసి అంతవరకు దిగుతుంది. ఇది ఆర్కిమెడీసు చెప్పిన సూత్రం. ఆప్టిమిస్టు బరువు 35 కిలోలు, అందులో పిల్లవాడు 40 కిలోలనుకోండి. మొత్తం 75 కిలోలు. అంటే 75 లీటర్ల నీరు తప్పుకోవాలి. చదరపు మీటరున్నర అడుగున్న పడవ అందుకు 5 సెంటీమీటర్లు దిగితే సరిపోతుంది. బొమ్మలో అది అర మిల్లీమీటరు పైన కొంచెం. కాబట్టి అడుగును ఉప్పు కాగితం మీద నాలుగుసార్లు రుద్దండి. నీటి కింద ఉండే భాగం ఎట్లాగూ కనబడదు, అది మనకు అక్కరలేదు.

చెరువుకు చదునైన చెక్క తీసుకుని, నడుమ ముదురు ఆకుపచ్చా నలుపూ కలిపిన రంగు, ఒడ్డుకు వచ్చేకొద్దీ లేత మట్టి రంగు వేయండి. లోతు తెలిసేది ఈ రంగుల తేడాతోనే. దాని మీద వార్నీషు పల్చగా ఒక పూత. ఒక రోజు ఆరనివ్వండి. మళ్లీ పూత. ఇట్లా అయిదు. కిటికీలు తెరిచి చేయండి, ఆ వాసన మంచిది కాదు. చివరి పూత తడిగా ఉండగానే పడవను దానిలో కూర్చోబెట్టండి. వార్నీషు పడవ గోడను పట్టుకుని ఆరుతుంది. అప్పుడు చూసినవాళ్లు పడవ తేలుతున్నదనే అనుకుంటారు.

ఇంకొక్క మాట. గాలి ఒక్కటే. పడవలు మూడుంటే మూడు తెరచాపలూ, స్టేషను మీద జెండా ఉంటే అదీ ఒకే పక్కకు తిరిగి ఉండాలి.

పెద్ద చోటు దొరికిందని తొందరపడి గోదావరి పెట్టుకోకండి! రాజమండ్రి దగ్గర 1900లో ప్రారంభమై 1997 దాకా రైళ్లను మోసిన హావ్‌లాక్ వంతెన పొడవు 2.7 కిలోమీటర్ల పైమాటే. దాన్ని ఈ కొలతలో చేస్తే 31 మీటర్లు! ఇల్లు దాటి వీధిలోకి పోతుంది. మొదట ఒక చెరువు మూల, ఒక పడవ. అది చాలు.

సంక్రాంతికి అన్నయ్య వచ్చాడు. నాంపల్లి మైదానంలో అప్పటికే నుమాయిష్ మొదలైంది. 1938లో పబ్లిక్ గార్డెన్సులో పుట్టి, 1946లో నాంపల్లికి చేరిన ప్రదర్శన అది. ఏటా జనవరి ఒకటి నుంచి నడుస్తుంది. ఇద్దరం అక్కడికి వెళ్లవలసిన సాయంకాలం. అన్నయ్య చెప్పులు విప్పకుండానే గుడ్డ మూట విప్పి ఇంజను పట్టాల మీద పెట్టాడు. అది ఒకసారి గుర్రుమని, ఆగి, మళ్లీ కదిలింది. నా గుండె కూడా దానితోపాటే కదిలింది.

రైలు చెరువు పక్కనుంచి పోతుంటే అన్నయ్య మోకాళ్ల మీద కూర్చుని కన్ను చెక్క అంచుకు ఆనించి చూశాడు. పడవలో నేను అట్టతో కోసిన మనిషిని కూర్చోబెట్టాను. ఎత్తు 17 మిల్లీమీటర్లు.

"పడవలో కుర్రాడు ఎవడురా?" అన్నాడు.

"నేనే, అన్నయ్యా."

"గాలి బాగానే వీస్తోంది. మరి చుక్కాని ఏదీ? ఎటు పోతావు?"

నేను నాలిక కరుచుకున్నాను. చుక్కాని నీటి కింద ఉంటుంది గదా అని వదిలేశాను. దాన్ని తిప్పే పిడి పడవలో, పైనే ఉంటుందని మరిచాను! ఆ రాత్రి నుమాయిష్ నుంచి తిరిగి వచ్చాక, అన్నయ్య దీపం పట్టుకుంటే నేను చీపురు పుల్ల ముక్క ఒకటి కోసి ఆ కుర్రాడి చేతికిచ్చాను. పొడవు ఎంతో మాత్రం కొలవలేదు, నిద్ర వస్తోంది.

మీరు చేసేటప్పుడు అది మరవకండి. ఇక మీకొక లెక్క. కృష్ణానదిలో జాలరులు బుట్టలాంటి గుండ్రటి పుట్టిలో తిరుగుతారు. ఒక పుట్టి అడ్డుకొలత రెండున్నర మీటర్లనుకోండి. మీ బొమ్మ చెరువులో అది ఎన్ని మిల్లీమీటర్లు ఉండాలి?