జావాకు తలంటు

నాన్న నడిపిన జావా పదకొండేళ్లుగా పెరట్లో రేకుల షెడ్డు కింద పడి ఉంది. మొన్న పట్టా తీసి చూస్తే హెడ్‌లైట్ రింగు, సైలెన్సర్లు, రిమ్ములు అన్నింటా ఎర్రటి చుక్కలే. ప్రాణం ఉసూరుమంది. మొత్తం కొత్తగా క్రోమ్ వేయిద్దామని ట్రాలీ ఆటోలో ఎక్కించి విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్లాను.

పాత బళ్లు చూసే మేస్త్రి బండి చుట్టూ ఒకసారి తిరిగి, రింగును గోటితో గీకి చూశారు.

"పొర లేవలేదండీ. దీన్నెందుకు పాడు చేసుకోవడం?" అన్నారు.

కొత్త పూత వెయ్యాలంటే పాతది పూర్తిగా తీసేసి, ఇనుముకు బఫింగ్ పట్టి, నికెల్ వేసి, ఆపైన క్రోమ్ వెయ్యాలి. బఫింగులో అంచులు అరుగుతాయి. మైసూరులోని ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లోనే మూతపడింది. అక్కడ వేసిన పూత ఇక ఎక్కడ దొరుకుతుంది?

అసలు క్రోముకు తుప్పు పట్టదు. అద్దంలా మెరిసే ఆ పై పొర మందం సాధారణంగా ఒక్క మైక్రాన్ కూడా ఉండదు. దాని పగుళ్లలోంచి చెమ్మ దిగి, నికెల్‌నూ దాటితే అడుగున ఇనుము తుప్పు పట్టి పైకి ఉబుకుతుంది.

మేస్త్రి ముందు సబ్బునీళ్లతో మట్టి కడిగారు. తర్వాత చపాతీలు చుట్టే అల్యూమినియం రేకు ముక్క చించి, ఉండలా నలిపి, నీళ్లలో ముంచి రింగు మీద గుండ్రంగా రుద్దసాగారు. బలమేమీ పెట్టలేదు. కాసేపటికి బూడిదరంగు గుజ్జు తేలింది. గుడ్డతో తుడిస్తే ఆయన మొహం అందులో కనపడింది. క్రోము కంటే అల్యూమినియం చాలా మెత్తన కాబట్టి తుప్పు ఊడుతుంది, గీత పడదు.

నేను తెచ్చిన ఉప్పుకాగితం చూసి మాత్రం ఆయనకు కోపం వచ్చింది. "అది పట్టారంటే గీతలు పడతాయి. ఆ గీతల్లోంచే మళ్లీ చెమ్మ దిగుద్ది!"

కుడి సైలెన్సర్ అడుగున పొర ఉల్లిపొట్టులా లేచిపోయింది. అక్కడ రేకు పనిచెయ్యలేదు. దానికి ప్లేటింగ్ తప్పదన్నారు. మిగతాదంతా నిలిచింది. చుక్కలున్న చోట సూదిమొనంత గుంటలు మిగిలాయి, అవి పోవు. బాగా ఆరాక మైనం పూసి ఇచ్చారు. వానాకాలంలో నెలకోసారి పూయమన్నారు.

మీ ఇంట్లోనూ ఇలాంటి బండి ఉంటే, ప్లేటింగుకు పంపేముందు దయచేసి ఒక్కసారి గోటితో గీకి చూడండి.