వడ్డీ మీద వడ్డీ ఎవరికి మాఫీ అయింది?

"కరోనాకి కులం లేదు" అని 2020లో రోజూ విన్నాం. రోగానికి లేదేమో. సాయానికి మాత్రం ఉంది. ఆ సాయం మా కోనసీమ పేటల్లోకి ఎంత దూరం వచ్చి ఆగిపోయిందో ఈవారం రాస్తున్నా.

మా చిన్నాన్నది రాజోలు దగ్గర ఊరు, తాపీపని. పిన్ని ఏడేళ్లు కువైట్‌లో ఇంటిపని చేసి పంపిన డబ్బుతో పేటలో రెండు గదుల స్లాబు ఇల్లు కట్టుకున్నారు. చాలక రెండు లక్షలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చారు. ముందు బ్యాంకుకే వెళ్లారు. స్థలం డీ-పట్టా, జీతం స్లిప్పు లేదు, కుదరదన్నారు. పేదల భూమి పెద్దోళ్ల పాలవకూడదని 1977 చట్టం ఆ పట్టాల అమ్మకాన్ని ఆపింది. ఆ రక్షణ మనకి కావాల్సిందే. కానీ అమ్మడానికి లేని స్థలమంటే అప్పిచ్చేవాళ్లు మొహం తిప్పేసుకుంటారు.

లాక్‌డౌన్ వచ్చింది, తాపీ మూలపడింది. 2020 మార్చి 27న రిజర్వు బ్యాంకు మారటోరియం ప్రకటించి, తర్వాత ఆగస్టు 31 దాకా పొడిగించింది. మెయిన్‌రోడ్డు మీద బ్యాంకు లోనుతో ఇళ్లు కట్టినవాళ్లకి ఫోన్లో మెసేజ్ వచ్చింది. మా చిన్నాన్నకి మెసేజ్ రాలేదు, మనిషొచ్చాడు.

"ఏరా, కరోనా మనుషులకొచ్చింది గానీ నా డబ్బులకి రాలేదుగా?"

"పనులు మొదలవగానే కట్టేస్తానండి బాబుగారూ."

నెలకి 6,000. ఆరు నెలలకి 36,000. పిన్ని మెళ్లో గొలుసు పోయింది, అసలు అలాగే ఉంది. ఆ అక్టోబరులో కేంద్రం, రెండు కోట్ల లోపు అప్పున్నవాళ్లకి ఆ ఆరు నెలల వడ్డీ మీద పడిన వడ్డీ తానే భరిస్తానంది. రెండు కోట్ల అప్పుకి దారి దొరికింది. పేటలో రెండు లక్షల అప్పుకి దొరకలేదు.

మరి పని పోయినవాళ్లకి? ఈఎస్ఐలో నిరుద్యోగ భృతిని సగటు వేతనంలో 25 నుంచి 50 శాతానికి పెంచారు. ఈఎస్ఐ ఉంటేనే. భవన నిర్మాణ కార్మికుల సెస్సు నిధి నుంచి డబ్బులివ్వమని కేంద్రం రాష్ట్రాలకి చెప్పింది. బోర్డులో పేరుంటేనే. రైతు భరోసా అప్పట్లో ఏడాదికి 13,500. భూమి ఉంటేనే. కౌలు రైతుకైతే 2019 చట్టం కింద కార్డు కావాల్సి వచ్చేది, దానికి భూమి ఆసామి సంతకం కావాల్సి వచ్చేది. కొబ్బరి దింపే మనిషికి, ఊడ్పుల కూలికి ఈ వరసలో చోటే లేదు. పేటకి వచ్చింది రేషన్ బియ్యం, రాష్ట్రం ఇచ్చిన వెయ్యి, ఆడవాళ్ల జన్‌ధన్ ఖాతాల్లో మూడు నెలలు 500. వాటితో అన్నం తిన్నాం, కాదనను. ఇల్లు నిలబెట్టుకోవడానికి అవి చాలవు.

ఈ జీవోల్లో ఎక్కడా "దళితుడికి ఇవ్వొద్దు" అని ఉండదు. ఉండక్కర్లేదు. భూమి ఎవరిదో, జీతం స్లిప్పు ఎవరిదో తరతరాల కిందే తేలిపోయింది. అమెరికాలో 1935 సోషల్ సెక్యూరిటీ చట్టం తెచ్చిన నిరుద్యోగ భృతి నుంచి పొలం కూలీల్ని, ఇంటిపనివాళ్లని తప్పించారు. దక్షిణాదిలో ఆ పనులు చేసేది ఎక్కువగా నల్లజాతివాళ్లు. చట్టంలో రంగు మాటే లేదు. మా పిన్ని చేసిందీ ఇంటిపనే, గమనించండి.

కులం మాట బాహాటంగా వచ్చింది ఒక్కచోట. 2021 మార్చిలో కేంద్రం ఉపాధి హామీ కూలీని ఎస్సీ, ఎస్టీ, ఇతరులు అని మూడు పద్దులుగా విడగొట్టమంది. ఒకే కాలవలో పూడిక తీసినవాళ్లకి మూడు దారుల్లో డబ్బులు, వేర్వేరు రోజుల్లో. గొడవయ్యాక ఆ ఏడాదే వెనక్కి తీసుకుంది. అంటే మన కూలీని విడదీయడానికి కులం లెక్క పనికొచ్చింది. మారటోరియం ఎవరికి అందిందో చెప్పడానికి అదే లెక్క ఎందుకు తీయరు?

విద్యార్థి మిత్రులకి ఒక పని. అమలాపురం, కొత్తపేట, రాజోలు, మీది ఏ ఊరైనా సరే, మీ పేటలో ఇంటింటికీ వెళ్లండి. 2020లో ఇంటి మీద అప్పెంత, ఎవరి దగ్గర, ఏ వడ్డీకి, ఏ సాయం వచ్చింది, రాసుకోండి. పేట బయట వీధుల్లోనూ అవే ప్రశ్నలు అడగండి. రెండు లెక్కలూ పక్కపక్కన పెట్టి కలెక్టరేట్‌కి వెళ్దాం. వచ్చే విపత్తుకి ముందే ప్రతి కూలీకి కార్మిక బోర్డులో పేరు, డీ-పట్టా ఇంటికి బ్యాంకు అప్పు అడుగుదాం.

జై భీమ్.