పైలటమ్మాయి పెట్టె

మాది రన్నింగ్ స్టాఫ్ ఇల్లు. ఈ మాట రైల్వేవాళ్ళకు తప్ప తక్కినవారికి అంతగా తెలియదు. రైలుతోపాటు వెళ్ళి, రైలుతోపాటు తిరిగివచ్చే ఉద్యోగులను అలా అంటారు. నేను ముప్ఫయ్యేళ్ళ పైచిలుకు గార్డుగా పనిచేసి రాజమండ్రిలో స్థిరపడ్డాను. 2022 నుంచి గార్డులను ట్రైన్ మేనేజర్లని పిలుస్తున్నారు గాని, నేను మాత్రం గార్డుగానే రిటైరయ్యాను. ఇక మా అమ్మాయి ఏడాదిన్నర కిందట ఒక విమానాల కంపెనీలో ఫస్ట్ ఆఫీసరుగా చేరి హైదరాబాదులో వుంటున్నది.

"తండ్రి పట్టాలమీద, కూతురు మబ్బులమీద!" అని మా వీధివాళ్ళు వేళాకోళం చేస్తారు. నాకైతే ఆ రెండు ఉద్యోగాలూ అక్కాచెల్లెళ్ళలాగే కనిపిస్తాయి. వేళకాని వేళ లేవడం, పరాయివూళ్ళో పడుకోవడం, మన వెనక కూర్చున్న వందలమంది మనల్ని నమ్ముకుని కునుకు తీయడం - అన్నీ ఒకటే. అందుకే కాబోలు, ఈ మధ్య మా వూళ్ళో ఎవరి పిల్లలకైనా పైలట్ ఉద్యోగం దొరికితే, తల్లిదండ్రులు మా ఇంటికి వస్తున్నారు. "పెట్టెలో ఏమేం సర్దాలండీ?" అని అడుగుతున్నారు. అందరికీ విడివిడిగా చెప్పేకన్న ఒకసారి రాసిపెడితే మంచిదనిపించింది.

మా రోజుల్లో గార్డుకు లైన్ బాక్సని ఒక ఇనప్పెట్టె వుండేది. ఎర్రజెండా, పచ్చజెండా, చేతిదీపం, రూల్సు పుస్తకం, పట్టామీద పెడితే చక్రంకింద పేలి డ్రైవరును హెచ్చరించే డిటనేటర్లు - ఇవన్నీ అందులో వుండాలి. పోర్టరు దాన్ని మోసుకొచ్చి బ్రేక్‌వ్యానులో పెట్టేవాడు. ఆ పెట్టె నాకు నేర్పిన పాఠం ఒక్కటే. డ్యూటీ పెట్టెను డ్యూటీకి వెళ్ళేముందు సర్దకూడదు. ఇంటికి వచ్చినరోజే సర్దాలి. చొక్కాలు ఉతుకుకు వేసి, కొత్తవి మడతపెట్టి, పెట్టె మూసి గుమ్మం పక్కన పెట్టాకనే కంచం ముందు కూర్చోవాలి. తెల్లవారుజామున మూడింటికి నిద్రకళ్ళతో దువ్వెన వెతుక్కునే మనిషి, విమానం దగ్గరికి సగం ఓపికతోనే చేరతాడు.

అందుకని మొట్టమొదటి సలహా: పళ్ళపొడి, బ్రష్షు, దువ్వెన, సబ్బు, ఫోను చార్జరు - వీటిని రెండేసి కొనండి. ఇంట్లోవి ఇంట్లో, పెట్టెలోవి పెట్టెలో. పెట్టెలోవాటిని ఎవ్వరూ తాకరాదు, తమ్ముడైనా సరే!

ఇక మరొకరు అప్పివ్వలేని వస్తువులున్నాయి. లైసెన్సు, మెడికల్ సర్టిఫికెట్టు, విమానాశ్రయం పాసు, పాస్‌పోర్టు. చొక్కా మరిచిపోతే తోటివాడిది తొడుక్కోవచ్చు. లైసెన్సు మరిచిపోతే ఎవరిస్తారు? 2025 ఫిబ్రవరి నుంచి మన దేశంలో పైలట్లకు ఎలక్ట్రానిక్ లైసెన్సులు వచ్చాయి. అయినా ఫోనులో చార్జి అయిపోవడమన్నది వుండనే వుంది గదా! కాగితాలన్నీ ఒకే తోలుసంచీలో పెట్టి, దేని గడువు ఏ తారీకున ముగుస్తుందో ఒక చీటీమీద రాసి అందులోనే పెట్టించండి.

కళ్ళద్దాలు వాడే పైలట్ రెండో జత వెంట వుంచుకోవాలని అంతర్జాతీయ నిబంధన. మా అమ్మాయి ఈ మాట చెబితే నాకు నవ్వొచ్చింది. రైల్వేలో డ్రైవరుకూ గార్డుకూ కూడా సరిగ్గా అదే రూలు! నేలమీదనైనా ఆకాశంలోనైనా, ఒక్క జత కళ్ళద్దాలమీద అంతమంది ప్రాణాలు ఆధారపడకూడదన్నమాట.

చలువ కళ్ళద్దాలు కొనేటప్పుడు మాత్రం ఒక జాగ్రత్త. దుకాణంవాడు "పోలరైజ్డ్ అండీ, మేలురకం" అని అంటగడతాడు. మనబోటివాళ్ళకు అవి మంచివే. పైలట్‌కు కాదు. వాటిలోంచి చూస్తే విమానంలోని తెరలు కొన్ని కోణాల్లో నల్లగా కనిపిస్తాయి. మామూలు చలువ అద్దాలే మేలు.

చిన్న టార్చిలైటు తప్పనిసరి. రాత్రి ప్రయాణానికి సిబ్బందిలో ప్రతివారి చోటులోనూ విడి టార్చి వుండాలన్నది నియమం. బయలుదేరేముందు విమానం చుట్టూ తిరిగి చక్రాలు, రెక్కలు, ఇంజన్లు పరీక్షించడానికీ అది కావాలి. ఆ తిరుగుడు తరచు ఫస్ట్ ఆఫీసరు వంతుకే వస్తుంది. చీకట్లో వాహనాలవాళ్ళకు కనబడేటట్లు మెరిసే జాకెట్టు, చెవులకు రక్షణ కూడా వుండాలి. గడియారం గురించి వేరే చెప్పాలా? విమానాలవాళ్ళు గ్రీనిచ్ కాలం ప్రకారం లెక్కవేస్తారు. మనకన్న అయిదున్నర గంటలు వెనక. మా అమ్మాయి చేతిగడియారంలో అర్ధరాత్రి దాటి అరగంటయితే, మా గోడగడియారంలో ఉదయం ఆరు!

హెడ్‌సెట్టు విషయంలో తొందరపడకండి. చప్పుడు అణచే మేలురకం లక్షరూపాయలకు అటూ ఇటూగా పడుతుంది. పిల్లల చదువుకు అప్పుచేసిన ఇళ్ళకు ఇది చిన్న మాట కాదు. కొన్ని కంపెనీలు తామే ఇస్తాయి; విమానాన్నిబట్టి తీగ కొస కూడా మారుతుంది. ఉద్యోగంలో చేరాక సీనియర్లను అడిగి కొనుక్కోమనండి. భుజాలమీది చారలకు మాత్రం మీరు పైసా ఖర్చుపెట్టనక్కరలేదు, కంపెనీయే ఇస్తుంది. కెప్టెనుకు నాలుగు, ఫస్ట్ ఆఫీసరుకు కంపెనీనిబట్టి రెండో మూడో. 1930 ప్రాంతాల్లో అమెరికాలో పాన్ అమెరికన్ కంపెనీ తన సిబ్బందికి ఓడ అధికారుల దుస్తులవంటివి తొడిగింది. ఆ వేషమే లోకమంతటా పాకింది.

ఈ కాలపు పైలట్లు ఒక విధంగా అదృష్టవంతులు. 1934లో అమెరికాలో జెప్పెసెన్ అనే పైలట్, ఏ మైదానంలో ఎలా దిగాలో, చుట్టుపక్కల కొండలెంత ఎత్తో తాను నోటుపుస్తకంలో రాసుకున్న వివరాలను పది డాలర్లకు అమ్మసాగాడు. ఆ చిన్న పుస్తకమే పెరిగి పెరిగి గంపెడు పటాలయింది. 2013లో ఒక పెద్ద అమెరికన్ కంపెనీ ఆ కాగితాలను తీసివేసి పలకలాంటి కంప్యూటరు ఇచ్చినప్పుడు, పైలట్ సంచీలోంచి తగ్గిన బరువు సుమారు 16 కిలోలట! భుజంమీద బియ్యపు మూట దింపినట్టేగదా. కాని ఆ పలకకు రోజూ చార్జి పెట్టాలి. అదనపు బ్యాటరీ - పవర్ బ్యాంకు - చేతిసంచీలోనే వుండాలి, కింద సామానులో వేయకూడదు. నిప్పంటుకుంటే చేతికందే చోట వుండాలి గదా.

పెట్టె మాటకొస్తే, ఇవాళ స్టేషనులో ప్రతివాడూ లాక్కుపోయే చక్రాల పెట్టె వుందే, నిలువుగా నిలిచి పొడుగు పిడి వుండేది - దాన్ని 1987లో తయారుచేసినవాడు కూడా ఒక పైలటే. రాబర్ట్ ప్లాత్ అని పెద్ద విమానాలు నడిపేవాడు. మొదట్లో తోటి సిబ్బందికే అమ్మేవాడు. వాళ్ళు విమానాశ్రయంలో జోరుగా లాక్కుపోతూంటే ప్రయాణీకులు చూసి, మాకూ కావాలన్నారు. మీరు కొనేటప్పుడు రెండు పెద్ద చక్రాలున్నదే కొనండి. నాలుగు చక్రాలది చూడ్డానికి సొగసే గాని, బస్సు మలుపు తిరిగినప్పుడల్లా యజమానిని వదిలి పోతుంది. చక్రం పాడయితే మార్చుకునే వీలుందా అని కూడా అడగండి.

ఇక వంటింటి సంగతి. ఇక్కడే ప్రతి ఇంట్లోనూ తగవు. మా ఆవిడ మొదటిసారి అమ్మాయికోసం సిద్ధం చేసినవి చూస్తే అది విమానానికి గాక కాశీయాత్రకనిపించింది. ఆవకాయ, గుడిలో ఇచ్చిన ఎండుకొబ్బరి చిప్పలు, నీరసానికి దశమూలారిష్టం, తలనొప్పికి హోమియో చుక్కలు.

"ఏమండీ, పిల్ల బక్కచిక్కిపోయింది. ఆ మాత్రం పెట్టకూడదా?" అన్నది.

అమ్మాయే నెమ్మదిగా చెప్పింది. ఎండుకొబ్బరిలో నూనె ఎక్కువ. తనంత తానే వేడెక్కి అంటుకోగల సరుకుల్లో దాన్ని చేర్చారు. అరిష్టాలు పులియబెట్టి చేస్తారు గనుక వాటిలో సారా అంశ వుంటుంది. హోమియో చుక్కల్లోనూ వుంటుంది. మన దేశంలో విమానం నడిపేముందు పన్నెండు గంటలపాటు మద్యం ముట్టరాదు. శ్వాస పరీక్షలో మొదటిసారి దొరికితేనే లైసెన్సు మూడునెలలు ఆగిపోతుంది. నోరు పుక్కిలించే మందులో సారా వున్నా వాడకూడదని రూలు. "అమ్మా, నువ్వు ప్రేమతో ఇచ్చింది ఆ యంత్రానికి తెలియదే!" అన్నది. జలుబు మాత్రలయినా సరే, కంపెనీ డాక్టరునడిగే వేసుకోవాలి. మత్తు తెచ్చేవి చాలా వున్నాయి.

చివరికి రాజీ కుదిరింది. జంతికలు, వేయించిన అటుకులు, నాలుగు సున్నివుండలు. తెల్లచొక్కాలున్న పెట్టెలో నూనె కారే వస్తువేదీ వద్దు. విమానంలో ఇద్దరు పైలట్లూ ఒకే రకం భోజనం చేయకుండా చూడడం చాలా కంపెనీల్లో ఆచారం. ఆహారం వికటిస్తే ఒకరైనా నిలబడాలని. ఈ మాట విన్నాక మా ఆవిడ సున్నివుండలు కూడా పక్కవాళ్ళకు పెట్టాలా వద్దా అని చాలాసేపు ఆలోచించింది!

గట్టి మూతవున్న గ్లాసు ఒకటి తప్పక ఇవ్వండి. 2019 ఫిబ్రవరిలో ఫ్రాంక్‌ఫర్టునుంచి మెక్సికోలోని కాంకూన్ వెళుతున్న విమానంలో, మూతలేని కాఫీ కప్పు ఒలికి మీటలమీద పడింది. మాట్లాడే యంత్రం వేడెక్కి పొగ వచ్చింది. మూడువందలమందికి పైగా ప్రయాణీకులతో విమానాన్ని ఐర్లండులోని షానన్‌లో దించవలసివచ్చింది. అణా మూత లేక అంత పని!

అన్నిటికన్న విలువైన సామాను నిద్ర. గార్డుగా రన్నింగ్ రూముల్లో పడుకున్నవాణ్ణి, నాకు తెలుసు. పగలు పడుకోవాలంటే కళ్ళకు గుడ్డ, చెవులకు దూది బిరడాలు, రెండు బట్టల క్లిప్పులు చాలు. క్లిప్పులెందుకంటారా? హోటలు తెరలు ఎంత మంచివైనా నడుమ సందు వుంటుంది. సరిగ్గా అందులోంచే సూర్యభగవానుడు కంట్లో పడతాడు. 2025 జూలై నుంచి మన పైలట్లకు వారపు విశ్రాంతి 36 గంటలనుంచి 48 గంటలకు పెంచారు. సర్కారు గంటలు ఇవ్వగలదు గాని నిద్ర ఇవ్వలేదు. అది ఇంట్లోవాళ్ళ చేతుల్లో వుంది. అమ్మాయి సెలవుకు వచ్చిందని చుట్టాలందరినీ ఆ రోజే పిలిచి, "మా పైలటమ్మాయి" అని ముందు కూర్చోబెడితే ఆ 48 గంటలూ ఏమయినట్లు?

ఉద్యోగంలో చేరిన అయిదో నెలలో అమ్మాయికి జలుబు చేసింది. మర్నాడు తెల్లవారుజామున డ్యూటీ. విమానం లోపలి గాలి, సుమారు ఎనిమిదివేల అడుగుల కొండమీది గాలంత పలచబడవచ్చు. దిగేటప్పుడు ముక్కు మూసుకుపోయి వుంటే చెవిలో పోటు పుడుతుంది, కర్ణభేరి దెబ్బతినవచ్చు. ఆ నొప్పిలో విమానం దించడం ఎలా? ఒంట్లో బాగా లేదని తెలిసినప్పుడు పైలట్ నడపకూడదన్నది నియమం కూడా. అమ్మాయి రాలేనని ఆఫీసుకు తెలియజేసి, తరవాత మాకు ఫోను చేసింది.

"కొత్త ఉద్యోగమే తల్లీ, రానంటే ఏమనుకుంటారో! మాత్ర వేసుకుని వెళ్ళరాదూ?" అన్నది మా ఆవిడ. అప్పు వాయిదాలు ఆమె కళ్ళముందు మెదిలాయి కాబోలు. తల్లి మనసు, తప్పేముంది?

"అమ్మా, వెనక నూట ఎనభై మంది వుంటారు. వాళ్ళలో మీరిద్దరూ వున్నారనుకో. నన్ను వెళ్ళమంటావా?" అన్నది అమ్మాయి.

ఆవిడ మరి మాట్లాడలేదు. ఫోను నాకిచ్చింది. "పడుకో తల్లీ, ఆవిరి పట్టు," అన్నాను. రెండు రోజులకు జలుబు తగ్గింది, అమ్మాయి మళ్ళీ డ్యూటీ ఎక్కింది.

ఆనాటినుంచి పెట్టెలో ఏం సర్దాలని అడిగినవారికి ఈ మాట కూడా చెబుతున్నాను. "ఇవాళ నేను నడపలేను" అని చెప్పగల ధైర్యం కూడా పైలట్ సామానే. అది ఏ దుకాణంలోనూ దొరకదు. వెళ్ళకపోతే ఇంట్లో ఏమంటారోనన్న బెంగ లేని పిల్లలకే అది వుంటుంది. అప్పుల లెక్కలు, పెళ్ళి సంబంధాల తగాదాలు డ్యూటీకి ముందు ఫోనులో ఎక్కించకండి. ఆ బరువు ఏ త్రాసుమీదా కనిపించదు గాని పైకి మాత్రం ఎగురుతుంది.

మా ఆవిడ ఇప్పుడు ఫోను చేసినప్పుడల్లా "తిన్నావా?" అనే ముందు "నిద్రపోయావా?" అని అడుగుతున్నది. సున్నివుండలు మాత్రం నాలుగునుంచి ఎనిమిదికి పెరిగాయి. కెప్టెనుగారికి కూడానట!