తీగ ఉన్నదీ, తీగ లేనిదీ

ముప్పై ఏళ్లుగా బ్యాంకులో పని చేస్తున్నవాడికి ఏ వస్తువు కొన్నా జమా ఖర్చూ పక్కపక్కన వేసి చూసుకోవడం అలవాటైపోతుంది. మా ఇంటికి ఇంతవరకు రెండు హెడ్‌సెట్లు వచ్చాయి. తీగ ఉన్నది 2021లో, తీగ లేనిది 2023లో కొన్నాం. రెండూ మా అబ్బాయి కోసమే. పాటలు వినే హెడ్‌ఫోనుకు నోటి దగ్గర చిన్న మైకు తగిలిస్తే అదే హెడ్‌సెట్. కంప్యూటర్ ఆటలాడే పిల్లలున్న ఇళ్లలో ఇది తప్పనిసరి సామానైపోయింది. ఏది కొనాలని నన్నడిగేవాళ్లకు నేను వేసే మొదటి ప్రశ్న, "అది మీ ఇంట్లో ఏం పనికి?" అని.

మాది బరంపురం. మూడు తరాలుగా ఇక్కడే ఉన్నాం. మావాడికి చదువు ఇంగ్లీషులో, బజారు ఒడియాలో. తెలుగు ఇంట్లోనే. అక్షరాలు కూడబలుక్కుని చదువుతాడు గాని, వాడికొచ్చిన తెలుగంతా చెవుల మీదుగా వచ్చిందే. ఆదివారం రాత్రి వాడూ, విశాఖపట్నంలో ఉన్న మా తమ్ముడి కొడుకూ కలిసి 'వాలరంట్' అనే ఆట ఆడతారు. ఆటకన్నా మాటలే ఎక్కువ. "అన్నయ్యా, ఎడం పక్కనుంచి వస్తున్నాడు, చూసుకో" అని వాడు అక్కణ్ణుంచి అరుస్తాడు. మా అమ్మ తమ్ముడి దగ్గరే ఉంటుంది. ఎనభై దాటింది. మధ్యలో ఆవిడ ఆ హెడ్‌సెట్ పెట్టించుకుని, "ఒరేయ్ నాన్నా, భోంచేశావా?" అంటుంది. ఫోనులో ఆవిడకు సగం మాటలు వినపడవు. రెండు చెవులనూ కప్పే ఈ సాధనంలో మాత్రం మనవడి మాట బాగా తెలుస్తోందంటుంది. అందుకే నేను దీన్ని ఆటవస్తువుల ఖాతాలో రాయలేదు.

ముందు ధ్వని సంగతి. తీగలో శబ్దం సూటిగా చెవికొస్తుంది. ఆలస్యం లెక్కలోకి రాదు. తీగ లేనివాటిలో రెండు రకాలున్నాయి. ఒకటి బ్లూటూత్. రెండోది, కంప్యూటర్‌కు గుచ్చే బుల్లి యు.ఎస్.బి. పుల్లతో పనిచేసేది. దాన్ని 2.4 గిగాహెర్ట్జ్ రకం అంటారు. చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటారు.

బ్లూటూత్ శబ్దాన్ని కుదించి పంపి, మళ్లీ విప్పుతుంది. దీనికి సెకనులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా పట్టడం మామూలే. పాటలకు దానివల్ల నష్టం లేదు. ఆటలో మాత్రం శత్రువు ఎదుటపడ్డాక అడుగుల చప్పుడు వస్తే ఏం లాభం? ఇంకో చిక్కుంది. మైకు వాడగానే మామూలు బ్లూటూత్ ఫోను మాటల పద్ధతికి మారిపోతుంది. రెండు చెవుల్లోనూ ఒకటే శబ్దం వినిపిస్తుంది. అడుగులు ఎడమనుంచో కుడినుంచో తెలియదు. పైగా పాత పద్ధతిలో సుమారు 3,400 హెర్ట్జ్ పైన ఉన్న ధ్వని కత్తిరించుకుపోతుంది. స వంటి అక్షరాల బలం చాలావరకు ఆ పైనే ఉంటుంది. 'సారు' అన్నామో 'చారు' అన్నామో పోల్చుకోవడం కష్టమవుతుంది. తెలుగును చెవితోనే నేర్చుకునే పిల్లవాడికీ, చెవులు మందగించిన మామ్మకీ ఇది చిన్న నష్టం కాదు.

పుల్ల రకంలో ఈ బాధలు లేవు. ఆలస్యం మామూలు చెవికి తెలియదు. మైకు పనిచేస్తున్నా ఎడమ ఎడమగా, కుడి కుడిగానే ఉంటుంది. అయితే వై-ఫై కూడా అదే 2.4 గిగాహెర్ట్జ్ దారి వాడుతుంది గనక, పుల్లను రూటర్ పక్కన గుచ్చితే మాట తెగిపోవచ్చు. కాస్త దూరంగా పెట్టుకుంటే మంచిది. ప్లేస్టేషన్ 5 ఉన్నవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. మామూలు బ్లూటూత్ హెడ్‌సెట్ దానికి నేరుగా కలవదు. ఆట ఆడే కంట్రోలర్‌కు మాత్రం తీగ గుచ్చే రంధ్రం ఉంది.

ఇక సుఖం. బ్యాటరీ ఉంటే బరువనుకుంటాం గాని, అన్నిసార్లూ అలా ఉండదు. లాజిటెక్ జి435 అనే తీగ లేని రకం 165 గ్రాములే. దాని బ్యాటరీ 18 గంటలు వస్తుందని తయారీదారుల మాట. హైపర్‌ఎక్స్ క్లౌడ్ ఆల్ఫా వైర్‌లెస్ 300 గంటలు వస్తుందంటారు. అది 300 గ్రాములు దాటుతుంది. బరువుకన్నా తలను నొక్కే బిగువు ముఖ్యం. కళ్లజోడు ఉన్నవాళ్లకు గట్టి దిండ్లయితే గంటలో కణతలు నొప్పెడతాయి. తోలులాంటి దిండు చెవిని బాగా మూసి, మృదంగంలాంటి లోతు శబ్దాన్ని నిలబెడుతుంది. కాని మా బరంపురం వేసవిలో చెమటకు తడిసి, రెండేళ్లకే పొరలు పొరలుగా ఊడింది. గుడ్డ దిండు చల్లగా ఉంటుంది, శబ్దం కొంచెం బయటికి పోతుంది.

కామర్స్ చదివినవాణ్ణి గనక తరుగుదల చెప్పకుండా ఉండలేను. తీగ ఉన్నదానికి ప్రాణం తీగ మొదట్లో ఉంది. అక్కడే తెగుతుంది. తీగ ఊడదీసి మార్చుకునే రకమైతే వందల్లో పోతుంది. తీగ లేనిదాంట్లో లిథియం బ్యాటరీ వాడినా వాడకపోయినా ఏటేటా తరుగుతుంది. చాలావాటిలో దాన్ని మనం మార్చలేం. కొన్ననాటి ధర కాదు, ఎన్నేళ్లు పనిచేస్తుందో దానితో భాగించిన ధర చూడాలి.

మా ఆవిడ లెక్క వేరు. తీగ ఉన్నదైతే అన్నానికి పిలిచినప్పుడు తీసి బల్లమీద పెట్టి వస్తాడు. లేనిదైతే చెవులకు తగిలించుకునే కంచం ముందు కూర్చుంటాడు, మన మాట వినిపించుకోడు. ఆ లెక్కను నేను కొట్టేయలేకపోయాను.

చివరగా, రెంటికీ వర్తించే సంగతి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ప్రకారం 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటల దాకా వినవచ్చు. అదే 90 అయితే 4 గంటలే. పది పెంచితే కాలం పదో వంతుకు పడిపోతుందన్నమాట. మామ్మ చెవులు వయసు తీసుకుంది. మనవడి చెవులు సరదా తీసుకోకూడదు.

2025 సంక్రాంతికి విశాఖ వెళ్లినప్పుడు తీగ లేనిదాన్ని అమ్మకోసం అక్కడే వదిలి వచ్చాం. అది పుల్ల రకమే. తీగ ఆవిడ కుర్చీ చేతికి చుట్టుకుని లాగేది. ఛార్జింగు పని అక్కడి మనవడిది. మావాడు ఇక్కడ మార్చిన దిండ్లతో పాత తీగదే వాడుతున్నాడు. మీ ఇంట్లో ఖర్చుకు వెనకాడేవాళ్లయితే, ఊడదీసే తీగ, గుడ్డ దిండు ఉన్నది కొనండి. కదలాల్సిన అవసరముండి, డబ్బు పెట్టగలిగితే పుల్ల రకం కొనండి. కొనే ముందు పిల్లవాడి కళ్లజోడుతో సహా పావుగంట తలకు పెట్టి, అవతల ఒకరిచేత తెలుగులో మాట్లాడించి చూడండి.